అమృతాంజనం పంతులుగారు: తరచుగా అడిగే ప్రశ్నలు

మే 1 అంటే అందరికీ మేడే గుర్తొస్తుంది, ఎర్రజెండాల హడావుడి, సెలవు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జయంతి కూడా అదే రోజని చాలామందికి తెలియదు. ఆ తేదీ దగ్గరపడినప్పుడల్లా ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. సగం ఆయన గురించి, మిగతా సగం "మా ఊళ్లో కూడా ఇలాంటి పెద్దాయన ఒకరున్నారు, ఏం చేస్తే బాగుంటుంది" అని. రెండూ ఒకేచోట పెట్టాను.

ఈయన అమృతాంజనం కంపెనీ ఆయనేనా? స్వాతంత్ర్య సమరయోధుడు అంటారే, ఆయన వేరేనా?

ఇద్దరూ ఒకరే. పత్రికాధిపతి ఆయనే, కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక జరిగిన ఇంటి యజమానీ ఆయనే. అమృతాంజనం పెట్టింది, ఆంధ్రపత్రిక పెట్టింది, భారతి పెట్టింది, గ్రంథమాల పెట్టింది, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లింది అంతా ఒక్క మనిషే. స్కూలు పుస్తకంలో ఒక్కో పాఠంలో ఒక్కో ముక్క వస్తుంది కాబట్టి నలుగురైదుగురు అనుకుంటాం.

ఎక్కడివారు?

కృష్ణా జిల్లా. పుట్టింది 1867లో. బందరులో, తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. చదువుకునే రోజుల్లో కందుకూరి వీరేశలింగంగారి వివేకవర్ధని పత్రిక చదివిన ప్రభావం ఆయన మీద గట్టిగా ఉంది. పత్రికతో జనాన్ని కదిలించొచ్చు అనే నమ్మకం అక్కడే పడిందని నేననుకుంటాను. చదువయ్యాక కొన్నాళ్లు కలకత్తా, తర్వాత బొంబాయి. బీఏ చదివిన తెలుగువాడు ఆ రోజుల్లో ప్లీడరో, గుమాస్తానో, తహసీల్దారో అవ్వాలని చూసేవాడు. ఈయన మందుల వ్యాపారంలో పని నేర్చుకున్నారు.

మరి అమృతాంజనం ఎప్పుడు మొదలైంది?

1893, బొంబాయిలో. పసుపుపచ్చటి లేపనం, చిన్న సీసా, మూత తీస్తే గదంతా కర్పూరం వాసన. మద్రాసులో సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు ఉచితంగా పంచి అలవాటు చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కచేరీ మూడు నాలుగు గంటలు సాగేది కదా, తలనొప్పి ఎవరికి రాదు! వ్యాపారం తెలిసిన మనిషి అనడానికి ఈ ఒక్కటీ చాలు. పంతులుగారు పోయి ఎన్నో ఏళ్లు గడిచాక కూడా ప్రకటనల జోరు అలాగే ఉండేది. బొంబాయి–పుణే పాత దారిలో ఖండాలా ఘాట్ దగ్గరున్న బ్రిటిష్ కాలపు వంతెనకు అమృతాంజనం బ్రిడ్జి అనే పేరు ఆ బోర్డుల వల్లే వచ్చింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో ట్రాఫిక్ లేని సమయం చూసి దాన్ని కూల్చేశారు. పేరు మాత్రం ఆ చుట్టుపక్కల ఇంకా వాడుకలో ఉంది.

తలనొప్పి మందు అమ్ముకునే ఆయనకు పత్రిక ఎందుకు?

1907లో సూరత్ కాంగ్రెస్‌కు వెళ్లారు. మితవాదులు, అతివాదులు కొట్టుకుని విడిపోయిన సభ అది. దేశం ఇంత అట్టుడుకుతుంటే అదేమిటో తెలుగువాళ్లకు తెలుగులో చెప్పే గట్టి పత్రిక లేదన్న లోటు ఆయనకు తగిలింది. మరుసటి ఏడాదే, 1908లో, ఆంధ్రపత్రిక వారపత్రికగా బొంబాయిలో మొదలైంది. తెలుగు పత్రిక బొంబాయిలో అచ్చవడం ఏమిటని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, కంపోజిటర్లను వెతకడం దగ్గర్నుంచి కాపీలు పోస్టులో గుంటూరు, బెజవాడ చేర్చేదాకా ప్రతిదీ ఎంత తంటానో ఊహించండి. 1914లో మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధం వార్తల కోసం జనం ఎదురుచూసే రోజుల్లో చేతిలో తెలుగు దినపత్రిక ఉందన్నమాట. ఉగాది సంచికల సంగతి సరేసరి, ఎప్పుడో అచ్చయినవి ఈనాటికీ పాత పుస్తకాలు సేకరించేవాళ్లు పోటీపడి కొంటారు.

పత్రికలో ఆయనకు లాభం వచ్చిందా?

డబ్బు సంపాదించిపెట్టింది మందు, ఆ డబ్బు తాగింది అచ్చుయంత్రం. మామూలుగా వ్యాపారస్తుడు సంపాదించాల్సిందంతా సంపాదించి, అరవై దాటాక గుడికో సత్రానికో కొంత రాసిస్తాడు. అదీ మంచిదే, కాదనను. పంతులుగారి లెక్క అది కాదు. వ్యాపారం నడుస్తున్నప్పుడే, రాబడి రాబడిగానే ప్రజల పనిలోకి పోయింది. ముప్పై ఏళ్లు అలాగే సాగింది. అందుకే ఆయన్ని "దాత" అని ఊరుకుంటే నాకు కొంచెం తక్కువగా అనిపిస్తుంది. దాత చెక్కు రాసిచ్చి వెళ్లిపోతాడు. ఈయన రాత్రి అచ్చవాల్సిన పేజీ గురించి టెన్షన్ పడే మనిషి.

పత్రిక కాకుండా ఇంకేం చేశారు?

ఇది పెద్ద జాబితా. ముఖ్యమైనవే చెప్తాను.

1924లో భారతి మాసపత్రిక. తెలుగులో సాహిత్యం మీదా, చరిత్ర మీదా, శాసనాల మీదా సీరియస్‌గా రాసేవాళ్లందరికీ అరవై ఏళ్లకు పైగా అది ఇంటి అరుగులాంటిది. ఒక సంచికలో శాసన పరిశోధన, పక్కనే కొత్త కవి పద్యం, ఆ పక్కన ఎవరో ఎవరినో చీల్చి చెండాడిన విమర్శ. భారతిలో వ్యాసం పడిందంటే ఆ రచయిత ఊళ్లో ఒక మెట్టు పైకెక్కినట్టే.

1926లో ఆంధ్ర గ్రంథమాల. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, పండితారాధ్య చరిత్ర లాంటి ద్విపద (రెండేసి పాదాల పద్యాల) కావ్యాలు ఇందులో వచ్చాయి. ద్విపదను పండితులు చిన్నచూపు చూసిన కాలంలో వాటిని శుభ్రంగా అచ్చువేయించి చదివేవాళ్ల చేతిలో పెట్టడం అంటే డబ్బుతో పాటు అభిరుచి కూడా కావాలి. ఇలాంటివి అమ్ముడుపోతాయని నమ్మి వేసేవి కావు.

తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని కొమర్రాజు లక్ష్మణరావుగారు ప్రాణం పెట్టి పనిచేశారు. కొన్ని సంపుటాలు తెచ్చి, 1923లో కన్నుమూశారు. ఆగిపోయిన ఆ పనిని పంతులుగారు నెత్తికెత్తుకున్నారు. పూర్తికాకుండానే ఆయనా పోయారు, అది వేరే విషయం. చచ్చిపోయిన మనిషి సగంలో వదిలిన ప్రాజెక్టును, అదీ నష్టం ఖాయమని తెలిసిన దాన్ని, సొంత ఖర్చుతో ఎత్తుకునే వ్యాపారవేత్త ఈ కాలంలో ఒక్కరు కనిపిస్తే చెప్పండి.

గ్రంథాలయోద్యమానికి కూడా అండగా నిలిచారు. ఊరూరా గ్రంథాలయం పెట్టాలని అయ్యంకి వెంకటరమణయ్యగారి లాంటి వాళ్లు తిరుగుతున్న రోజులవి. ఉద్యమం నడిపేవాళ్లు ఒకరైతే, ఆ అలమరాల్లో పెట్టడానికి తెలుగు పుస్తకం అచ్చువేసినవాళ్లలో ఈయన ముఖ్యుడు.

రాజకీయాల్లో ఉన్నారా?

ఉన్నారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షుడిగా చేశారు, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు, జైల్లో కూర్చుని భగవద్గీత మీద రాసుకున్నారు.

శ్రీబాగ్ ఒడంబడికకూ ఈయనకూ ఏమిటి సంబంధం?

శ్రీబాగ్ అనేది మద్రాసు మైలాపూరులో ఆయన ఇంటి పేరు. 1937 నవంబర్ 16న కోస్తా, రాయలసీమ నాయకులు అక్కడ కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నారు. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు, కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభి సీతారామయ్య లాంటివాళ్లు అందులో ఉన్నారు.

కూర్చోవాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం కావాలని కోస్తావాళ్లు అడుగుతుంటే రాయలసీమవాళ్లకు అనుమానం. చదువుల్లో, ఉద్యోగాల్లో, కాలువ నీళ్లలో ముందున్నవాళ్లతో కలిస్తే మా గతేమిటి అన్నారు. వాళ్ల భయం న్యాయమైనదే. అందుకని అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లలో కొన్నేళ్లపాటు రాయలసీమకు మొదటి హక్కు, శాసనసభలో సీట్లు జిల్లాలకు సమానంగా, రాజధాని, హైకోర్టు రెండూ ఒకేచోట కాకుండా చెరోచోట, ఏది కావాలో రాయలసీమ కోరుకోవచ్చు అని రాసుకున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు కర్నూలు రాజధాని, గుంటూరుకు హైకోర్టు అవడానికి మూలం ఈ కాగితమే. మూడేళ్లకే రెండూ హైదరాబాదుకు పోయాయి. నీళ్ల మాట నిలబెట్టుకోలేదని రాయలసీమవాళ్లు ఇప్పటికీ ఆ కాగితం తీసి చూపిస్తారు. 2014 తర్వాత రాజధాని గొడవ మొదలైనప్పుడల్లా టీవీ చర్చల్లో శ్రీబాగ్ పేరు వినపడేది అందుకే.

ఇక్కడ నాకు ముఖ్యం అనిపించేది ఒకటుంది. రెండు వర్గాలూ అనుమానంతో చూసుకుంటున్నప్పుడు అందరూ నమ్మి వచ్చి కూర్చోగలిగిన ఇల్లు ఒకటుండాలి. ఆ నమ్మకం డబ్బుతో రాదు. అప్పటికి ఆయనకు డెబ్బై ఏళ్లు. ఆ తర్వాత అయిదు నెలలు కూడా బతకలేదు. 1938 ఏప్రిల్ 11న పోయారు. తాను కోరుకున్న రాష్ట్రాన్ని చూడనేలేదు.

బతికుండగా ఆయనకు ఏం గౌరవాలు దక్కాయి?

ప్రజలు "దేశోద్ధారక" అన్నారు. "విశ్వదాత" అన్నారు. 1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ అనే గౌరవ పట్టా ఇచ్చింది. ఇందులో దేశోద్ధారక బిరుదే ఎక్కువ నిలిచింది, పేరుకు ముందు అది లేకుండా రాస్తే పెద్దవాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు.

పద్మ అవార్డు ఇవ్వలేదేం?

పద్మ పురస్కారాలు మొదలైందే 1954లో. ఆయన పోయి అప్పటికి పదహారేళ్లు. ఇందులో కుట్రేమీ లేదు.

మా ఊళ్లో ఒక పరిశ్రమ పెద్దాయన నలభై ఏళ్లుగా స్కూళ్లు, ఆసుపత్రి అంటూ చేస్తున్నారు. ఆయన్ని పద్మకు ఎవరు సిఫార్సు చేయాలి? ఎమ్మెల్యే లెటర్ కావాలా?

అక్కర్లేదు. ఎవరైనా నామినేట్ చేయొచ్చు, మీరూ చేయొచ్చు, ఎవరికి వారు చేసుకున్నా తప్పు లేదు. కేంద్రం నడిపే రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పంపాలి. చేసిన సేవ గురించి 800 పదాల్లోపు రాయాలి. గడువు ఏటా కాస్త అటూ ఇటూ అవుతుంది కాబట్టి ముందు పోర్టల్ చూసుకోండి. వాణిజ్యం–పరిశ్రమలు అని ఒక విభాగం, సామాజిక సేవ అని ఇంకో విభాగం ఉన్నాయి, ఆయన పనిలో ఏది బరువైందో దాన్నే ఎంచుకోండి. చనిపోయినవాళ్లకు మామూలుగా ఇవ్వరు, చాలా అరుదు. ఏడాదికి మొత్తం 120కి మించవు (మరణానంతరం ఇచ్చేవి, విదేశీయులకు, ఎన్నారైలకు ఇచ్చేవి ఈ లెక్కలోకి రావు). దేశం మొత్తానికి 120 అంటే వస్తుందని ఊళ్లో ముందే చాటింపు వేయకండి, పెద్దాయనకు ఇబ్బంది.

రాసేటప్పుడు మనవాళ్లు ఎక్కడ దెబ్బతింటారంటే, 800 పదాల్లో 600 విశేషణాలే ఉంటాయి. "అపర కర్ణుడు", "పేదల పాలిట పెన్నిధి". ఢిల్లీలో చదివే కమిటీకి ఇవేవీ అక్కరకు రావు. ఏ సంవత్సరం ఏ బడి కట్టారు, అందులో ఇప్పుడెంతమంది చదువుతున్నారు, ఆసుపత్రికి ఖర్చు ఎక్కడి నుంచి వస్తోంది, అవి రాయండి.

వస్తే పేరుకు ముందు పద్మశ్రీ అని ఫ్లెక్సీ వేయించుకోవచ్చా?

వేయకూడదు. అది బిరుదు కాదు. పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. పాటించేవాళ్లు తక్కువ. డబ్బు కూడా రాదు, పత్రం, పతకం ఇస్తారు.

విగ్రహం పెడదామని కమిటీ అనుకుంటోంది. సెంటర్లో పెట్టొచ్చా?

రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. అయినా మన సెంటర్లలో రాత్రికి రాత్రే దిమ్మె లేస్తుంది, తెల్లారేసరికి ముసుగు వేసిన విగ్రహం నిలబడి ఉంటుంది, తర్వాత పోలీసులు, ధర్నా. ఎవరిని గౌరవించాలనుకున్నారో ఆయన పేరే చివరికి ఎఫ్ఐఆర్‌లో పడుతుంది. ఆయన కట్టించిన కాలేజీ ఆవరణలో, యాజమాన్యం అనుమతితో, ఒక బస్ట్ పెట్టుకోండి. మునిసిపాలిటీని కూడా ముందే అడగండి.

నా మట్టుకు నేను ఎవరు అడిగినా విగ్రహం వద్దనే చెప్తాను. జయంతికి ఒక దండ, వర్ధంతికి ఒక దండ, మిగతా 363 రోజులు కాకులు.

మరేం చేయాలి?

ధర్మనిధి పెట్టండి. యూనివర్సిటీలో గానీ కాలేజీలో గానీ కొంత సొమ్ము డిపాజిట్ చేస్తే, దాని వడ్డీతో ఏటా ఆయన పేరున ఒక స్మారకోపన్యాసమో, మంచి మార్కులు వచ్చిన పిల్లలకు బహుమతో నడుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి: ఇరవై ఏళ్లకు వడ్డీ విలువ కరిగిపోయి, అప్పుడు ఘనంగా పెట్టిన బహుమతి ఇప్పుడు పెన్ను కూడా రాని స్థితికి వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. అసలుకు మధ్యమధ్యలో కొంత కలుపుతూ ఉండాలని ఒప్పందంలోనే రాసుకోండి.

రెండో మార్గం, ఊళ్లో ఉన్న శాఖా గ్రంథాలయం. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు పోతుంది, ఆ సంగతి చాలామందికి తెలియదు. ఆ డబ్బు గ్రంథాలయ సంస్థకు సరిగ్గా చేరక చాలాచోట్ల కొత్త పుస్తకాలు రావు, జీతాలకే చాలదు. ఏ మధ్యాహ్నమైనా వెళ్లి చూడండి. గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ పరీక్షలకూ చదివే పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న గైడ్లు ముందేసుకుని కూర్చుని ఉంటారు, కుర్చీలు చాలక కొందరు వరండాలో గోడకానుకుని, ఒక్క ప్లగ్ పాయింట్ దగ్గర నాలుగు ఫోన్లు. అక్కడ పెద్దాయన పేరున ఒక రీడింగ్ హాలు, ఇరవై కుర్చీలు, నాలుగు ఫ్యాన్లు, ఏటా కొత్త ఎడిషన్ పుస్తకాలు ఇస్తే చాలు. విగ్రహం ఖర్చులో సగం కూడా కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శిని కలిసి రాతపూర్వకంగా అడిగి చేయండి.

సన్మాన సభ మాత్రం చేయాల్సిందే అంటున్నారు. ఎలా చేస్తే బాగుంటుంది?

చేయండి, తప్పేం లేదు. పెద్దవాళ్లకు నలుగురి ముందు గౌరవం దక్కాలి. కానీ మన సన్మానాలు ఎలా జరుగుతాయో తెలుసుగా. వేదిక మీద పదిహేను కుర్చీలు, కింద ముప్పై మంది. ఎమ్మెల్యేగారి కోసం గంటన్నర ఎదురుచూపు. ఆయన వచ్చాక శాలువాలు, ఒకదాని మీద ఒకటి, ఎనభై దాటిన మనిషి మే ఎండలో పన్నెండు శాలువాల కింద చెమటలు కక్కుతుంటే ఫొటోగ్రాఫర్ "సార్, ఇటు చూడండి" అంటుంటాడు. చివర్లో సన్మానం పొందిన ఆయన్ని రెండు ముక్కలు మాట్లాడమంటారు, అప్పటికి భోజనాలు మొదలైపోయి ఉంటాయి.

ఇది తిరగేయండి. ముందు ఆయన్నే మాట్లాడనివ్వండి. తర్వాత ఆయన వల్ల చదువుకున్నవాళ్లు, ఆయన ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మేస్త్రి, ఆసుపత్రిలో ఆయాగా చేసినామె, వీళ్లలో ముగ్గుర్ని మాట్లాడించండి. రాజకీయ నాయకులు వస్తే ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఒక్క శాలువా, అందరి తరఫున.

ఫ్యాక్టరీలో కార్మికులకు సరిగ్గా జీతాలివ్వని ఆయనకు దాత అని సన్మానం చేయొచ్చా?

ఇది నిజంగానే అడుగుతారు, అడగాలి కూడా. నా సమాధానం: చేయకండి. కనీసం ముందు కార్మికుల్ని అడగండి. గేటు లోపల పీఎఫ్ ఎగ్గొట్టి గేటు బయట చలివేంద్రం పెట్టే పెద్దమనుషులు మనకు కొత్త కాదు. అలాంటి సభకు వెళ్లిన ఉద్యోగి చప్పట్లు ఎలా కొడతాడో ఒకసారి గమనించండి, తెలిసిపోతుంది.

సన్మాన పత్రం పద్యాల్లో ఉండాలా?

పంతులుగారి కాలంలో అయితే పద్యాల్లేకుండా సన్మాన పత్రం ఉండేది కాదు. ఇప్పుడు మంచి పద్యం రాసేవాళ్లు ఊళ్లో ఉంటే అడగండి, లేకపోతే గణాలు తప్పిన సీస పద్యం కంటే శుభ్రమైన వచనం నయం. ఒక పేజీ దాటనివ్వద్దు. ఫ్రేము కట్టించే ముందు ఆయన ఇంటిపేరు, పుట్టిన ఊరు, సంవత్సరాలు ఇంట్లోవాళ్లకు చూపించి సరిచూసుకోండి, గాజు బిగించాక అచ్చుతప్పు దిద్దలేరు.

పంతులుగారి జ్ఞాపకంగా చూడటానికి ఏమైనా ఉన్నాయా?

చెన్నై మైలాపూరులో లజ్ చర్చ్ రోడ్డు మీద నాగేశ్వరరావు పార్కు ఉంది. పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే అరవ మామలతో కళకళలాడుతుంది. వాళ్లలో ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్లు ఎంతమందో గానీ, చెట్లు మాత్రం బాగున్నాయి.

ఆంధ్రపత్రిక, భారతి పాత సంచికలు ఎక్కడ దొరుకుతాయి?

రెండూ 1991 దాకా నడిచి ఆగిపోయాయి. పాత సంచికలు చాలావరకు స్కాన్ చేసి ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌లో పెట్టారు, ఉచితంగానే చదువుకోవచ్చు. సైట్ కొంచెం నెమ్మది, కొన్ని పేజీలు మసగ్గా ఉంటాయి, ఓపిక పట్టండి. మొదటిసారి చూసేవాళ్లు 1920ల భారతి సంచిక ఒకటి తెరిచి, వ్యాసాలకంటే ముందు ప్రకటనల పేజీలు చూడండి. ఆనాటి మందులు, నూనెలు, సబ్బులు ఎలా అమ్ముకునేవారో అక్కడే తెలుస్తుంది.